తాయారు ఏరిన తెరలు

కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీలో ముప్పయ్యొక్క ఏళ్లు పప్పు ఏరిన తాయారు కళ్ల గురించి ఆ వీధిలో చాలా కథలున్నాయి. అందులో సగం నిజం. ఒకసారి ఉచిత కంటి శిబిరానికి వెళితే, డాక్టరు గోడకి తగిలించిన అక్షరాల అట్ట చూపించి ఎంతవరకు కనిపిస్తే అంతవరకు చదవమన్నాడు. ఐదో తరగతితో బడి మానేసిన తాయారు కూడబలుక్కుంటూ అన్ని వరసలూ చదివింది. ఆ తర్వాత అట్ట అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న ప్రెస్సు పేరు కూడా చదివి, "ఇక్కడో దీర్ఘం ఎగిరిపోనాది బాబూ" అంది. ఇది నిజంగా జరిగింది. ఎగిరే దోమని చూసి ఆడదో మగదో చెప్పేస్తుందన్నది మాత్రం ఆమె కొడుకు మోహనకృష్ణ పుట్టించిన మాట.

ఫ్యాక్టరీలో ఆమె ముందు ఒక తెల్లటి బల్ల, పైన ట్యూబులైటు, బల్లమీద పప్పు కుప్ప ఉండేవి. ముక్క కాని గుండుపప్పు ఒకవైపు, రెండుగా విడిపోయిన బద్ద ఒకవైపు, ముక్కలు ఒకవైపు, వేడెక్కువై మాడినవి ఇంకోవైపు. గుండులో మళ్లీ సైజుని బట్టి నాలుగు రకాలు. కొత్తగా చేరినవాళ్లు ఒక్కో పప్పునీ వేళ్లతో తిప్పి చూసేవారు. తాయారు తిప్పేది కాదు. ఆమె చెయ్యి కుప్పమీదుగా వెళ్తుంటే చెడ్డది దానంతటదే లేచి వేళ్లలోకి వచ్చినట్టుండేది. పెళ్లి భోజనాల్లోనూ ఇదే తంతు. పాయసం విస్తట్లో పడగానే, "గుండని సెప్పి బద్ద ఏసేరు" అని పక్కవాళ్లకి వినపడేలా అనేది. వడ్డించేవాళ్లు ఆ బంతివైపు రావడానికి జంకేవారు.

అలాంటి మనిషిని రెండేళ్ల కిందట ఒక యంత్రం ఇంటికి పంపేసింది. దాని లోపల కెమెరాలుంటాయి. పప్పు జలజలా జారుతుంటే అది చూసి, చెడ్డవాటిని గాలితో ఉఫ్‌మని ఊది పక్కకి తోసేస్తుంది. తాయారు దాని ముందు అరగంట నిలబడింది. అది మంచిదని వదిలిన పప్పులోంచి రెండు దోసిళ్లు తీసి, అందులో ఏడు మాడుపప్పులు ఏరి మేనేజరు బల్లమీద వరసగా పెట్టింది.

మేనేజరు వాటిని చూసి, "నిజమే తాయారూ. కానీ అది పెళ్లిళ్లకి సెలవు పెట్టదు కదా" అన్నాడు.

"పెళ్లిలో పాయసం తినేది మిసనా, మనిసా?" అని అడిగేసి వచ్చేసింది గానీ, వచ్చాక ఏం చెయ్యాలో తోచలేదు. యాభై ఎనిమిదేళ్లకి కాళ్లూ చేతులూ కళ్లూ అన్నీ బాగానే ఉన్నాయి, ఏరడానికే ఏమీ లేదు. కందిపప్పు మూడుసార్లు ఏరింది. పక్కింటివాళ్ల బియ్యం ఏరింది. బీరువాలో చీరలు తీసి వెలిసినవి, వెలవబోతున్నవి, ఇప్పటికి ఫరవాలేనివి అని మూడు వరసలు పెట్టింది. చివరికి కోడలు రేఖ మీద పడింది. "ఉప్మాలో ఆవాలు రెండు కొట్లవి కలిసిపోనాయి కాదేటి?" అనేది. అవి నిజంగానే రెండు కొట్లవి. ఆ నిజమే రేఖకి ఒళ్లు మండించేది.

రేఖది ఇంట్లోనే చేసుకునే పని. పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేస్తుంది. టెక్కలి, సోంపేట, మందస స్టూడియోలవాళ్లు ఫొటోలు పంపుతారు. వాటిని పేజీల్లో అమర్చి, రంగులు సరిచేసి, పెళ్లికూతురి వెనక ఆవలించిన పెద్దమనిషిని చెరిపేసి తిరిగి పంపుతుంది. ఇదంతా అరచెయ్యి కంటే కాస్త పెద్దదైన ల్యాప్‌టాప్ మీదే. వంగి వంగి మెడ పట్టేసి, నెలకోసారి అమృతాంజనం సీసా ఖాళీ అయ్యేది. కొత్త పెద్ద మానిటర్ కొనే ఆలోచన ధర వినగానే మానుకుంది. సోంపేట స్టూడియో ఆయన ఒక సలహా చెప్పాడు. విజయనగరంలో బెన్హర్ అనే ఆయన కొట్టుంది, రిఫర్బిష్డ్ మానిటర్లు అమ్ముతాడు, నమ్మకస్తుడు అని.

రాత్రి అన్నాల దగ్గర రేఖ ఈ మాట చెప్పింది. తాయారు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"రిఫర్‌బీసంటే ఏటే?"

"వాడినవి అత్తా. బాగుచేసి, తుడిచి, మళ్లీ అమ్ముతారు."

"ఎవులు వాడేరు?"

"విశాపట్నంలో పెద్ద పెద్ద కంపెనీలోళ్లు."

"బాగుంటే ఎందుకొదిలీసేరు?"

"నాలుగేళ్లకోపాలి అన్నీ ఒకేసారి మార్చేస్తారట. బాగున్నా మార్చేస్తారు."

బాగున్నా మార్చేస్తారన్న మాట తాయారుకి కొత్త కాదు. "అయితే సూడాలి" అంది.

మోహనకృష్ణ రైల్వేలో ట్రాక్‌మన్. ఆ వారం సెలవు దొరకదన్నాడు. "అమ్మని తీసుకెళ్లు. మోసం జరగదు" అని, రేఖ మొహం చూడకుండా చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

గురువారం పొద్దున్న అత్తాకోడళ్లు పలాసలో పాసింజరెక్కారు. తాయారు చంకలో పెద్ద బొంత చుట్ట ఉంది. ఎండాకాలంలో బొంతెందుకని రేఖ అడిగితే, "పిల్లనీ తెరనీ ఊరికినే తెస్తావేటి? సుట్టి తేవాల" అంది. నౌపడ దాటాక కిటికీలోంచి ఉప్పుమళ్లు తళతళలాడుతూ కనిపించాయి. తాయారు వాటిని చూస్తూ, "ఆ సివరి మడిలో ఉప్పు నలుపెక్కినాది" అంది. రేఖ చెవుల్లో పాటలు పెట్టుకుంది.

బెన్హర్ కొట్టు బజారు వెనక ఒక మేడమీద ఉంది. గోడల నిండా అరలు, అరల నిండా మానిటర్లు. బెన్హర్‌కి నలభై ఉంటాయి. తెల్లచొక్కా వేసుకుని, ఆదివారం చర్చి వాకిట్లో నిలబడి అందరినీ పలకరించేవాడిలా నవ్వుతూ మాట్లాడతాడు. కుర్చీలు వేసి, ఫ్యాను పెట్టి, మంచినీళ్లిచ్చి, ఒక ఇరవైనాలుగు అంగుళాల మానిటర్ తెచ్చి బల్లమీద పెట్టాడు.

"ఇది ఏ గ్రేడ్ అమ్మా. అంటే ఫస్టు రకం."

గ్రేడ్ అన్న మాట వినగానే తాయారు కుర్చీలో నిటారుగా కూర్చుంది. "గ్రేడులుంటాయా దీనికి?"

"ఏ, బీ, సీ అని మూడుంటాయమ్మా. నా కొట్లో అన్నీ ఏ గ్రేడే."

"అన్నీ గుండే అంటావు" అంది తాయారు. బెన్హర్‌కి అర్థం కాలేదు. రేఖకి అర్థమై కళ్లు మూసుకుంది.

బెన్హర్ వైరు తగిలించి మీట నొక్కాడు. తెరమీద నీలిసముద్రం వచ్చింది. అలలు, కొబ్బరిచెట్లు, ఎగిరే రామచిలకలు. రేఖ, "బాగుంది కదత్తా" అంది.

"సముద్రం బాగున్నాది. తెర ఏదీ?"

"అదేనమ్మా తెర."

"సముద్రం తీసీ నాయినా. ఏటీ నేకుండా తెల్లగా పెట్టు."

పదకొండేళ్ల వ్యాపారంలో బెన్హర్‌ని ఈ కోరిక ఎవరూ కోరలేదు. అయినా నవ్వుతూ తెరనిండా తెల్లకాగితం లాంటిది తెరిచాడు. తాయారు లేచి కిటికీ తలుపు మూసింది, ట్యూబులైటు వెయ్యమంది, కుర్చీ మూరెడు వెనక్కి లాక్కుని కూర్చుంది. ఆమె కళ్లు ఎడమనుంచి కుడికి ఒక్కసారి కదిలాయి.

"అదిగో."

"ఏదమ్మా?"

"కుడేపు, జానెడు కిందకి. నల్లగా."

బెన్హర్ ముక్కు తెరకి ఆనేంత దగ్గరికి వెళ్లాడు. ఏమీ కనబడలేదు. మెత్తటి గుడ్డతో తుడిచాడు. "దుమ్మయ్యుంటుందమ్మా" అన్నాడు.

"దుమ్మయితే తుడిస్తే పోవాల. పోనేదు."

అతను ఫోను తీసి ఫొటో కొట్టి, వేళ్లతో సాగదీసి, మళ్లీ సాగదీసి చూశాడు. అక్కడ ఒక నల్లచుక్క ఉంది, నువ్వుగింజలో వందో వంతు. బెన్హర్ నవ్వు కాస్త తగ్గింది. "పిక్సెల్ చచ్చిపోయిందమ్మా. ఇలాంటిది ఎవరికీ కనబడదు" అన్నాడు.

"నాకు కనబడినాది కదా" అంది తాయారు.

రెండో మానిటర్ తెచ్చాడు. దాని మూల పసుపెక్కింది. "వేడి తగిలినాది. మాడు" అంది. "అత్త జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఏరేది" అని రేఖ బెన్హర్‌కి సర్దిచెప్పింది. మూడోదాంట్లో, తెర మొత్తం నల్లగా పెట్టమని అడిగి, కింది అంచునుంచి వెలుగు కారుతోందని చూపించింది. నాలుగోది తెల్లగా వెలగగానే తాయారు ముందుకి వంగి, తల ఒకవైపు వాల్చి, "ఇందులో ఎవులిదో పని ఇంకా అంటుకునున్నాది" అంది. నిజంగానే ఆ తెరమీద వరసలూ గళ్లూ లీలగా కనిపిస్తున్నాయి. ఏ ఆఫీసులోనో నాలుగేళ్లపాటు పొద్దస్తమానం ఒకే పట్టిక తెరిచి ఉంచిన గుర్తు అది. బెన్హర్ దాన్ని ఇదివరకే కనీసం ముగ్గురికి చూపించి, ముగ్గురూ మెచ్చుకుంటే పొంగిపోయినవాడు. ఇప్పుడు కుర్చీలో కూలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే గణపతిరావు మెట్లెక్కి వచ్చాడు. ఆయన కోట జంక్షన్లో టైపు, కంప్యూటరు నేర్పే ఇనిస్టిట్యూట్ నడుపుతున్నాడు. పన్నెండు మానిటర్లు కావాలని ముందే చెప్పి ఉంచాడు. బెన్హర్ వాటిని వేరుగా పెట్టాడు కూడా. గణపతిరావు కాసేపు తలుపు దగ్గరే నిలబడి, ఐదో మానిటర్‌కి తాయారు పెడుతున్న వంక విని, బెన్హర్‌ని పక్కకి పిలిచి, "ఆవిడెవరు? కంపెనీ ఇంజినీరా?" అని అడిగాడు.

"జీడిపప్పు" అన్నాడు బెన్హర్ నీరసంగా.

గణపతిరావుకి అది అర్థం కాకపోయినా కావలసింది అర్థమైంది. తిన్నగా తాయారు ఎదురుగా వచ్చి నమస్కారం పెట్టి, "అమ్మగారూ, నా పన్నెండూ కూడా ఒకసారి చూద్దురూ" అన్నాడు.

"సార్, సార్" అంటూ బెన్హర్ అడ్డొచ్చాడు. "మీవి నేను స్వయంగా చూశానండీ!"

"మీరు ఇవీ స్వయంగానే చూశారు కదండీ" అన్నాడు గణపతిరావు.

రేఖ తాయారు చెయ్యి పట్టుకుని, "అత్తా, మనకెందుకు? ఒకటి కొనుక్కుని పోదాం" అంది. తాయారు వినే స్థితిలో లేదు. రెండేళ్లుగా ఎవరూ ఆమె ముందు ఏదీ కుప్పపొయ్యలేదు. కొంగు నడుముకి బిగించింది. "ఒక్కోటీ ఒట్టుకురా" అంది.

ఇక గంటన్నరపాటు ఆ కొట్లో వేరే వ్యాపారం జరగలేదు. బెన్హర్ మోసుకొచ్చి తగిలిస్తాడు, తాయారు చూస్తుంది, చెయ్యి ఎటు ఊపితే అటు గణపతిరావు మోసుకెళ్లి పెడతాడు. మధ్యలో టీ వచ్చింది. తాయారు తెరమీంచి కళ్లు తీయకుండానే తాగింది. పన్నెండూ అయ్యేసరికి గోడవార మూడు వరసలు తయారయ్యాయి. మొదటి వరసలో నాలుగు, రెండో వరసలో ఆరు, మూడో వరసలో రెండు. బెన్హర్ మొహం ఆ మూడో వరసలో పెట్టదగ్గట్టుగా ఉంది.

"అమ్మా, నేను దొంగని కాదు" అన్నాడు. "విశాఖనుంచి ఒక్కసారే లాట్‌గా వస్తాయి, అక్కడివాళ్లు ఏ గ్రేడ్ అని కాయితం ఇస్తారు. నేనూ చూస్తాను. నా కళ్లకి ఆనలేదు."

తాయారు అప్పుడు మొదటిసారి అతన్ని మనిషిగా చూసింది. "నువ్వు దొంగవని నానన్నానేటి? ముక్కపప్పు అమ్ముడుపోదనుకుంతన్నావా? ఉప్మాకి ముక్క సాలు. మిఠాయి కొట్టోడికి బద్ద గావాల. ఎవుడి బేరం ఆడికుంటాది. ముక్కని గుండని అమ్మితేనే గొడవ." గణపతిరావు వైపు తిరిగింది. "నీ బడిలో పిల్లలేటి సేస్తారు బాబూ?"

"టైపు కొడతారండీ."

"అచ్చరాలు కనబడితే సాలు కదా. ఆ రెండో వరస ఒట్టుకెళ్లు. తగ్గించి ఇస్తాడు."

గణపతిరావు బెన్హర్‌ని చూశాడు. బెన్హర్ తాయారుని చూశాడు. తగ్గించే ఇచ్చాడు. గణపతిరావు అనుకున్న డబ్బుల్లో మొదటి వరస నాలుగూ, రెండో వరస ఆరూ, అరలోంచి అలాంటివే ఇంకో మూడూ, పన్నెండుకి బదులు పదమూడు తీసుకుని, ఆటో పిలిపించి, పోతూ పోతూ తాయారుకి మళ్లీ నమస్కారం పెట్టాడు.

అప్పటికి మధ్యాహ్నమైపోయింది. తెచ్చుకున్న పులిహోర బెన్హర్‌కి కూడా పెట్టి, ముగ్గురూ తిన్నాక అసలు పని మొదలైంది. అరల్లో మిగిలినవాటిలోంచి తాయారు ఒకదాన్ని ఎంచి, చుక్క లేదు, మచ్చ లేదు, గుండులో పెద్ద సైజు అని తేల్చింది. "ఇదే" అంది.

రేఖ పెన్‌డ్రైవ్ తీసి ఆ మానిటర్ మీద తను పనిచేస్తున్న పెళ్లి ఫొటో తెరిచింది. మంగళస్నానం ఫొటో. ఒక్క క్షణం చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇది వద్దత్తా."

"ఏటీ! మచ్చెక్కడున్నాది?"

"మచ్చ లేదు. పెళ్లికూతురి మొహం చూడు. పసుపు రాస్తే ఆకుపచ్చగా కనబడతాంది. ఈ తెర నమ్మి నేను రంగు సరిచేశాననుకో, అచ్చులో పిల్ల కామెర్లొచ్చినట్టు వస్తాది."

తాయారు చూసింది. మళ్లీ చూసింది. ఆమెకి పెళ్లికూతురు పెళ్లికూతురిలాగే ఉంది. రేఖ లేచి అరలు వెతికి, నాలుగు మానిటర్లు మార్చి, ప్రతిదానిమీదా అదే ఫొటో తెరిచింది. చివరికి తాయారు మొదట తోసేసిన మానిటరే, నువ్వుగింజలో వందో వంతు నల్లచుక్క ఉన్నదే, మళ్లీ బల్లమీదికి తెచ్చింది. రెంటినీ పక్కపక్కన పెట్టించింది. ఒకే పిల్ల రెండు తెరలమీద కనిపించింది. ఇందులో పసుపు పసుపుగా ఉంది, పారాణి పారాణిగా ఉంది, సిగ్గుకి ఎర్రబడ్డ చెవి కూడా కనిపించింది.

"ఇప్పుడు కనబడుతోందా?" అంది రేఖ.

ముప్పయ్యొక్క ఏళ్లలో తాయారు చేతిమీదుగా చుక్కున్న పప్పు ఒక్కటి మంచి డబ్బాలోకి వెళ్లలేదు. ఇప్పుడు అలాంటిదాన్ని బొంతలో చుట్టి ఇంటికి తీసుకెళ్లమంటోంది కోడలు. తీరా చూస్తే కోడలు చెప్పిందే నిజం.

"ఈ గుంటకీ కళ్లున్నాయి" అంది బెన్హర్‌తో, ఫిర్యాదు చేస్తున్నట్టు. "సెప్పనేదు ఇన్నాళ్లూ."

"నువ్వు ఆవాలు చూస్తున్నావు కదత్తా" అంది రేఖ.

తాయారు నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత బేరం మాత్రం తనే ఆడింది, ఆ చుక్కని చూపించి. బెన్హర్ అడిగినంతా తగ్గించి, వైరు ఊరికే ఇచ్చి, తనే మెట్లు దిగి రిక్షా దాకా మోసుకొచ్చాడు.

సాయంత్రం పాసింజరు కిక్కిరిసి ఉంది. బొంతలో చుట్టిన మానిటర్‌ని తాయారు ఒడిలో నిలబెట్టి రెండు చేతులా పట్టుకుంది. చీపురుపల్లిలో ఎక్కిన ఒక ముసలమ్మ దాన్ని చూసి, పక్కవాళ్లని జరగమని కసిరి, తాయారుకి కిటికీ పక్కన చోటిప్పించింది. తర్వాత చెంపలేసుకుంటూ, "ఏ సామి పటమమ్మా?" అని అడిగింది.

తాయారుకి వివరించే ఓపిక లేదు. "ఇంకా తెలీదప్పా. ఇంటికెళ్లి కరెంటెడితే కనబడతాడు" అంది. ముసలమ్మ భక్తిగా బొంత అంచు కళ్లకద్దుకుంది. కోటబొమ్మాళి వచ్చేదాకా రేఖ నవ్వు ఆగలేదు.

మూడు వారాల తర్వాత రేఖ ఫోనుకి బెన్హర్ చేశాడు. విశాఖనుంచి నూట నలభై మానిటర్ల లాట్ వచ్చిందట. అమ్మగారు రెండురోజులు రాగలరా, రానూపోనూ ఖర్చులూ కూలీ భోజనమూ తనవి అన్నాడు. తాయారు ఫోను అందుకుని, ముందు అడిగింది ఇది: "దీనికీ మిసనొస్తాదా?"

"పెద్ద పెద్ద ఫ్యాక్టరీల్లో ఉంటాయేమో అమ్మా. నా మేడ మెట్లెక్కవు" అన్నాడు బెన్హర్.

"అయితే తెల్లబట్ట పరిసిన బల్ల గావాల. నీ కుర్చీ వొద్దు, పీట గావాల."

అలా నెలకి రెండుసార్లు తాయారు విజయనగరం వెళ్లడం మొదలైంది. కొట్లో అరలిప్పుడు మూడు రకాలు. వాటికి తగిలించిన అట్టలమీద ఏ, బీ, సీ అనే ఉంటుంది గానీ, బెన్హర్ కూడా నోటితో గుండు, బద్ద, ముక్క అనే అంటున్నాడు. కొత్తగా వచ్చిన ఒక ఆసామి గుండు మానిటర్ అంటే గుండ్రంగా ఉంటుందనుకుని వెతుక్కున్నాడు కూడా. ఇంట్లో రేఖ ఉప్మా ఎవరూ విమర్శించకుండా తింటున్నారు. మెడకి అమృతాంజనం అవసరం తగ్గింది.

ఒకరోజు పలాస స్టేషన్‌లో పార్వతి తగిలింది. ఫ్యాక్టరీలో ఇరవయ్యేళ్లు జీడిపప్పు మీద తొక్క వలిచిన మనిషి. ఆమెనీ మానిపించి ఆరు నెలలైంది.

"ఎక్కడికే తాయారూ, సంచొట్టుకుని?"

"విజీనారం. టీవీల్లాంటివి ఏరతన్నాను."

పార్వతి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "మరి తొక్కెవులు తీస్తన్నారు?" అంది.

తాయారు నవ్వబోయి ఆగిపోయింది. ప్రతి మానిటర్ వెనకా పాత కంపెనీవాళ్లు అంటించిన స్టిక్కర్లుంటాయి. బెన్హర్ వాటిని గోళ్లతో గీకుతూ సగం రోజు గడుపుతాడు, అయినా జిగురు మిగిలిపోతుంది. పార్వతి వేళ్లవైపు చూసింది తాయారు. పప్పు చిట్లకుండా వెంట్రుకంత తొక్క లాగేసిన వేళ్లు.

"టికెట్టు తీసుకో" అంది. "బండొచ్చే టైమయినాది."